ముసలి గుర్రానికి కుషింగ్ జబ్బు

చలికాలం పోతుంది. ఎండలు ముదురుతాయి. శాలలోని గుర్రాలన్నీ పాత బొచ్చు రాల్చుకుని నిగనిగలాడతాయి. ఒక ముసలి గుర్రం మాత్రం రాల్చదు. దవడ కింద, పొట్ట కింద, కాళ్ల వెనక బొచ్చు పొడుగ్గా, వంకీలు తిరిగి అలాగే ఉండిపోతుంది. వీపున కండ కరిగి వెన్నెముక తేలుతుంది. పొట్ట మాత్రం కిందికి జారుతుంది. చూసినవాళ్లు ‘వయసైపోయింది, ఇంకేముంది’ అంటారు. చాలాసార్లు అది వయసు కాదు. జబ్బు. దాని పేరు కుషింగ్ జబ్బు.

వయసుకు మందు లేదు. ఈ జబ్బుకు ఉంది. అది జబ్బును వేళ్లతో పెరికేసే మందు కాదు, అదుపులో ఉంచే మందు. వేళకు మందు, సరైన మేత, డెక్కల మీద కన్ను, ఈ మూడూ కుదిరిన గుర్రం ఇంకా ఏళ్ల తరబడి సుఖంగా బతకగలదు. కనుక ముసలి గుర్రం బొచ్చు రాల్చలేదంటే ముసలితనం అనుకుని వదిలేయకూడదు. పశువైద్యునికి చూపించాలి.

పదేళ్ల లోపు గుర్రాల్లో ఈ జబ్బు అరుదు. పదిహేను దాటాక తరచుగా కనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో పదిహేనేళ్లు, ఆ పైబడిన గుర్రాలను పరీక్షించి చూస్తే సుమారు ఐదింట ఒకదానికి ఈ జబ్బు ఉన్నట్టు తేలింది. ఐదింట ఒకటి అంటే తక్కువేమీ కాదు. మగదీ ఆడదీ అన్న తేడా లేదు. పొట్టిజాతి పోనీలలో కొంచెం ఎక్కువ. బ్రిటన్‌లో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఇంటి మనిషిలా సాకిన గుర్రాలు పాతికేళ్లు, ముప్పయ్యేళ్లు కూడా బతుకుతాయి. అందుకే ఈ జబ్బును గురించి ఎక్కువ తెలిసింది ఆ దేశాల్లోనే. తెలుగునాట మలక్‌పేట రేస్‌కోర్సు వంటి చోట్ల పరుగు మానిన గుర్రాలు గానీ, సవారీ నేర్పే బడుల్లోని గుర్రాలు గానీ, పెళ్లి ఊరేగింపుల గుర్రాలు గానీ ఆ వయసుకు చేరితే వాటికీ ఈ జబ్బు రావచ్చు.

హార్వే కుషింగ్ అమెరికాకు చెందిన మెదడు శస్త్రవైద్యుడు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో చిన్న గడ్డ లేచి మనిషి శరీరాన్ని ఎలా తారుమారు చేస్తుందో ఆయన 1932లో వివరించాడు. ఆయన పేరు ముందు మనిషి జబ్బుకు, తర్వాత గుర్రం జబ్బుకూ వచ్చింది. అయితే మనిషిలో, కుక్కలో ఎక్కువగా పాడయ్యేది పిట్యూటరీ ముందు భాగం. గుర్రంలో పాడయ్యేది నడిమి భాగం. అందుకే ‘పిట్యూటరీ నడిమి భాగం పని చెడడం’ అనే అర్థంలో పశువైద్యులు దీన్ని ఇప్పుడు పీపీఐడీ అని కూడా పిలుస్తున్నారు. మందుల చీటీ మీద ఆ నాలుగక్షరాలు కనిపిస్తే అది కుషింగ్ జబ్బేనని యజమాని గుర్తించాలి.

ఇంతకీ లోపల జరిగేదేమిటి? పిట్యూటరీ నడిమి భాగం సొంతంగా కొన్ని హార్మోన్లను తయారుచేస్తుంది. ఎంత చేయాలో దాని ఇష్టం కాదు. మెదడులోంచి వచ్చే సన్నని నరాలు డోపమైన్ అనే రసాయనాన్ని వదులుతూ దాన్ని పట్టి ఉంచుతాయి. డోపమైన్ ఆ గ్రంథికి కళ్లెం. వయసు మీద పడ్డాక కొన్ని గుర్రాల్లో ఈ నరాలు క్షీణిస్తాయి. కళ్లెం వదులవుతుంది. గ్రంథి తన ఇష్టం వచ్చినట్టు హార్మోన్లను కుమ్మరిస్తుంది. అలా కుమ్మరిస్తూ తానూ ఉబ్బుతుంది. ఆ హార్మోన్లలో ముఖ్యమైనది ఏసీటీహెచ్. రక్తంలో దీని మోతాదును బట్టే జబ్బును పోల్చుకుంటారు. దానితోపాటు బయటికి వచ్చే మరికొన్ని హార్మోన్లు రోమాల మీద, ఆకలి మీద, రోగాన్ని తట్టుకునే శక్తి మీద పనిచేస్తాయి.

మళ్లీ ఒక్కసారి. నరాలు క్షీణించాయి. డోపమైన్ తగ్గింది. గ్రంథి అదుపు తప్పింది. జబ్బు మొత్తం ఇదే. మందు చేసే పని కూడా ఇందులోనే ఉంది: తగ్గిన డోపమైన్ స్థానంలో తాను నిలబడడం.

ఇక గుర్తులు. అందరి కంటికీ ఆనేది బొచ్చు. కానీ బొచ్చు బాగా పెరిగేసరికి జబ్బు ముదిరినట్టే. అంతకు ముందే చిన్న చిన్న సూచనలు వస్తాయి. నిన్నటిదాకా హుషారుగా నడిచిన గుర్రం మందకొడిగా ఉంటుంది. మచ్చికైందని, నెమ్మదించిందని యజమాని సంతోషిస్తాడు కూడా. ఇతర గుర్రాల కంటే ఒకటి రెండు వారాలు ఆలస్యంగా బొచ్చు రాలుస్తుంది. లేదా ఒళ్లంతా రాల్చి, కాళ్ల వెనక, దవడ కింద మాత్రం కుచ్చులు మిగుల్చుకుంటుంది. వీపు, పిరుదుల కండ సన్నగిల్లుతుంది. కంటి పైన ఉండే గుంట ముసలి గుర్రంలో లోతుగా కనబడాలి. ఈ జబ్బులో అక్కడ కొవ్వు చేరి ఉబ్బెత్తుగా కనిపించవచ్చు.

నీళ్ల తొట్టిని కూడా కనిపెట్టి ఉండాలి. అయిదు వందల కిలోల గుర్రం మామూలు రోజుల్లో పాతిక లీటర్లు, ఆ పైన తాగుతుంది. ఈ జబ్బు ఉన్న కొన్ని గుర్రాలు దానికి రెట్టింపు తాగుతాయి. తాగినంతా మూత్రంగా పోతుంది. శాలలో పరుపు రోజూ తడిసి ముద్దవుతుంటే, ముందు దాన్ని గమనించేది గుర్రాన్ని చూసుకునే సైసు. అతను చెప్పే మాటను తేలిగ్గా తీసుకోకూడదు. పొద్దున శాల ఊడ్చేవాడికి తెలిసినంతగా ఆ గుర్రం సంగతి ఇంకెవరికీ తెలియదు.

మానని పుండు, మాటిమాటికీ డెక్కలో చీము, ముక్కులోంచి ఆగకుండా కారడం, కారణం లేకుండా చెమట పట్టడం, ఇవి కూడా సూచనలే. అన్నింటికంటే ప్రమాదకరమైన సూచన కాళ్ల నొప్పి. దాని సంగతి తర్వాత విడిగా, వివరంగా వస్తుంది.

గుర్తులు అనుమానం మాత్రమే ఇస్తాయి. తేల్చేది రక్తపరీక్ష. పశువైద్యుడు రక్తం తీసి అందులో ఏసీటీహెచ్ ఎంత ఉందో పరీక్ష చేయిస్తాడు. ఈ హార్మోన్ నిలవ ఉండదు. రక్తం తీసిన వెంటనే చల్లగా ఉంచాలి, త్వరగా ప్లాస్మా వేరు చేయాలి. ఎండలో, కారు డిక్కీలో గంటల తరబడి తిరిగిన నమూనాను నమ్మడానికి లేదు. గుర్రం తీవ్రమైన నొప్పితో ఉన్నా, దూరప్రయాణం చేసి అప్పుడే దిగినా ఏసీటీహెచ్ పెరుగుతుంది. అది తేరుకున్నాకే రక్తం తీయాలి. కార్టిసాల్ అనే మరో హార్మోన్ ఒక్కటే చూసి జబ్బు లేదని చెప్పేయడం సరికాదు. ఈ జబ్బున్న గుర్రాల్లో కార్టిసాల్ చాలాసార్లు మామూలుగానే ఉంటుంది.

ఇంకో విశేషం. ఆరోగ్యంగా ఉన్న గుర్రంలో కూడా ఏసీటీహెచ్ ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. పగలు కుదించుకుపోయే కాలంలో, అంటే ఉత్తరార్ధగోళంలో ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, అది సహజంగానే పెరుగుతుంది. జబ్బున్న గుర్రంలో మరీ పెరుగుతుంది. కనుక ఫలితం చదివేటప్పుడు నెల కూడా చూడాలి. ఏ నెలలో ఎంత దాకా మామూలో చెప్పే హద్దులు ఎక్కువగా చలిదేశాల గుర్రాలను చూసి గీసినవి కనుక, తెలుగునాట వైద్యుడు అంకెతోపాటు గుర్రాన్ని కూడా చూసి నిర్ణయించాలి. అనుమానం తీరకపోతే టీఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను ఎక్కించి, పది నిమిషాల తర్వాత మళ్లీ రక్తం తీసే పరీక్ష ఉంది. జబ్బు తొలిదశలో దొరకబుచ్చుకోవడానికి అది పనికొస్తుంది.

ఏసీటీహెచ్‌తో ఆగకూడదు. ఇన్సులిన్ కూడా చూడాలి. కుషింగ్ జబ్బున్న గుర్రాలన్నింటికీ ఇన్సులిన్ పెరగదు. కొన్నింటికి పెరుగుతుంది. పెరిగిన గుర్రాలకే కాళ్ల ముప్పు ఎక్కువ. ఏ మేత పెట్టాలన్నది కూడా దాన్ని బట్టే ఉంటుంది. ఇన్సులిన్ ఎంత ఉందో తెలియకుండా మేత నిర్ణయించడం చీకట్లో దారి వెతుక్కోవడమే.

మందు పేరు పెర్గొలైడ్. ఇది మొదట మనుషుల పార్కిన్సన్స్ జబ్బుకు వాడిన మందు. కొందరిలో గుండె కవాటాలు దెబ్బతింటున్నాయని తేలడంతో 2007లో అమెరికాలో మనుషులకు వాడడం ఆపేశారు. గుర్రాల్లో అది బాగా పనిచేసింది. 2011లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ గుర్రాల కోసం దాన్ని ప్రాసెండ్ అనే పేరుతో అనుమతించింది. డోపమైన్ చేయవలసిన పనిని ఈ మందు చేస్తుంది. కళ్లెం మళ్లీ బిగుస్తుంది.

సాధారణంగా అయిదు వందల కిలోల గుర్రానికి రోజుకు 1 మిల్లీగ్రాముతో మొదలుపెడతారు. ఎంతకు పెంచాలో వైద్యుడే చెప్పాలి. మందు మొదలుపెట్టిన తొలి రోజుల్లో కొన్ని గుర్రాలు మేత ముట్టవు, దిగాలుగా ఉంటాయి. యజమాని భయపడి మందు మానేసేది ఇక్కడే. వైద్యునికి చెబితే ఆయన మోతాదు తగ్గించి, లేదా రెండు మూడు రోజులు ఆపి, మళ్లీ మెల్లగా పెంచుకుంటూ వస్తాడు. చాలా గుర్రాలు సర్దుకుంటాయి.

మందు ఇచ్చే తీరు కూడా ముఖ్యమే. మాత్రను నూరకూడదు. ఆ పొడి పీల్చినా, చేతికి అంటినా మనిషికి మంచిది కాదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు చేతికి తొడుగు లేకుండా దాన్ని ముట్టుకోకూడదు. నీళ్లలో కలిపి నిలవ ఉంచితే మందు బలం పోతుంది. ఎండ తగిలే కిటికీలో పెట్టినా పోతుంది. చిన్న క్యారెట్ ముక్కలో గుచ్చి అరచేతిలో పెట్టి తినిపించడం సులువు. గుర్రం ముక్క తిని మాత్ర ఉమ్మేసిందేమో కింద చూడాలి. దాణాలో కలిపితే తిన్నదో లేదో తెలియదు.

ఫలితం ఒక్కరోజులో రాదు. కొన్ని వారాల్లో ముందు హుషారు వస్తుంది. దాహం తగ్గుతుంది. బొచ్చు మారడానికి నెలలు పడుతుంది. మొదలుపెట్టిన నెల, రెండు నెలలకు మళ్లీ రక్తం చూపించాలి. ఆ తర్వాత ఏడాదికి ఒకటి రెండు సార్లు, అందులో ఒకటి ఏసీటీహెచ్ పెరిగే కాలంలో. మందు బతికినన్నాళ్లూ సాగాలి. బాగుంది కదా అని మానేస్తే గుర్తులు మళ్లీ బయటపడతాయి. ఇది రెండుసార్లు చెప్పదగ్గ మాట: బాగుందని మానేయకూడదు. బాగుండడానికి కారణం ఆ మాత్రే.

మాత్రకు బదులు మూలికలు అమ్మేవాళ్లు పడమటి దేశాల్లో చాలామంది ఉన్నారు. వావిలి జాతికి చెందిన ఒక మొక్క కాయల సారాన్ని ఈ జబ్బుకే అమ్ముతారు. పెర్గొలైడ్ చేసే పనిని అది చేస్తుందని నమ్మడానికి ఆధారం లేదు. ఆ డబ్బు డెక్కలు చెక్కే మనిషికి ఇస్తే గుర్రానికి ఎక్కువ మేలు.

ఇప్పుడు కాళ్ల సంగతి. ఈ జబ్బులో గుర్రాన్ని మంచాన పడేసేది, చాలాసార్లు ప్రాణం మీదికి తెచ్చేది ల్యామినైటిస్. డెక్క లోపల ఒక ఎముక ఉంటుంది. ఆ ఎముకను డెక్క గోడకు పట్టి ఉంచేవి సన్నని పొరలు. ఒక్కో డెక్కలో 550 నుంచి 600 దాకా ఉంటాయి. గుర్రం బరువంతా ఆ పొరల మీదే వేలాడుతుంది. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువ కాలం ఎక్కువగా ఉంటే ఆ పొరలు సాగి, పట్టు విడుస్తాయి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ పరిశోధకులు ఈ సంగతిని 2007లో వెల్లడించారు. ఏ జబ్బూ లేని పోనీలకు ఇన్సులిన్ ఎక్కిస్తే మూడు రోజుల్లోపే వాటి డెక్కలు దెబ్బతిన్నాయి. పట్టు పూర్తిగా పోతే ఎముక డెక్కలో తిరగబడుతుంది, లేదా కిందికి దిగుతుంది. ఆ నొప్పి మాటల్లో చెప్పలేనిది.

గుర్తు పట్టడం ఎలా? గుర్రం ముందుకాళ్లు ముందుకు చాపి, బరువు మడమల మీద వేసి నిలబడుతుంది. గట్టినేల మీద చిన్న చిన్న అడుగులు వేస్తుంది. మలుపు తిరగడానికి మొరాయిస్తుంది. డెక్క వేడిగా ఉంటుంది. డెక్కకు కాస్త పైన, కాలి వెనక వేలితో నొక్కి చూస్తే నాడి గట్టిగా కొట్టుకుంటుంది. మామూలు గుర్రంలో ఆ నాడి దొరకడమే కష్టం. గుర్రం బాగున్న రోజుల్లోనే దాని నాడి ఎలా ఉంటుందో చేత్తో తెలుసుకుని ఉండాలి. అప్పుడే తేడా తెలుస్తుంది. పెద్ద నొప్పి రాకముందే లోపల చిన్న చిన్న దెబ్బలు తగులుతుంటాయి. డెక్క మీద గీతలు పడి, అవి మడమ వైపు వెడల్పవుతుంటే అది జరిగిపోయిన దెబ్బకు ఆనవాలు.

ఇలా కనిపిస్తే ఆ పూటే వైద్యుణ్ని పిలవాలి. తెల్లారేదాకా ఆగకూడదు. గుర్రాన్ని నడిపించకూడదు. ‘నాలుగడుగులు వేస్తే పట్టు వదులుతుంది’ అనే మాట ఈ జబ్బులో చాలా కీడు చేస్తుంది. ఉన్నచోటే మెత్తని ఇసుకో రంపపు పొట్టో మందంగా పరవాలి. డెక్కలను మంచునీళ్లలో ఉంచాలి. దాణా ఆపి, నానబెట్టిన ఎండుగడ్డి మాత్రమే పెట్టాలి. వేరే జబ్బుకు ఎవరైనా స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వబోతే, ఈ గుర్రానికి కుషింగ్ ఉందని ముందే చెప్పాలి. నొప్పి లేని రోజుల్లోనూ నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి డెక్కలు చెక్కించాలి. లాడాలు అరిగినప్పుడు చూద్దాంలే అనుకుంటే ఆలస్యమైపోతుంది.

మేత విషయంలో రెండు దారులున్నాయి. ఇన్సులిన్ ఎక్కువగా ఉన్న గుర్రం ఒక దారి. చక్కెర, పిండిపదార్థం తగ్గాలి. ప్రేమతో పెట్టే బెల్లం ముక్క పూర్తిగా మానాలి. మొక్కజొన్న, జొన్న, ఓట్స్, బెల్లపు మడ్డి కలిపిన దాణా మానాలి. ఉలవ గుగ్గిళ్లలోనూ పిండిపదార్థం ఉంది. అవి పెట్టవచ్చో లేదో, ఎంత పెట్టాలో వైద్యుణ్ని అడగాలి. పచ్చిగడ్డి మేపు కూడా హద్దులోనే ఉండాలి. ఎండుగడ్డిని అరగంట నుంచి గంట దాకా నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి పెడితే చక్కెర కొంత పోతుంది. తెలుగునాట ఎండలకు నానిన గడ్డి త్వరగా పులుస్తుంది. నానగానే పెట్టేయాలి. గుర్రం లావుగా ఉంది కదా అని పస్తు మాత్రం పెట్టకూడదు. పోనీలకు పస్తు ప్రాణాంతకం కూడా కావచ్చు.

ఇన్సులిన్ మామూలుగా ఉండి, ఒళ్లు కరిగిపోతున్న గుర్రం రెండో దారి. దానికి బలం కావాలి. మంచి మాంసకృత్తులున్న లూసర్న్ గడ్డి, మెత్తగా నానబెట్టిన దాణా, కొద్దిగా వంటనూనె. ఒకే శాలలో ఈ రెండు రకాల గుర్రాలూ ఉండవచ్చు. ఒకదానికి మేలు చేసేది ఇంకొకదానికి ముప్పు తెస్తుంది.

పళ్లు చూపించకుండా మేత మార్చి లాభం లేదు. ముసలి గుర్రం నమిలిన గడ్డి ఉండలు ఉండలుగా కింద పడుతుంటే పళ్లు అరిగాయనో, ఊడుతున్నాయనో అర్థం. ఏడాదికి రెండుసార్లు నోరు చూపించాలి. నట్టల మందు క్యాలెండరు చూసి కాకుండా, పేడ పరీక్ష చేయించి ఇవ్వాలి. ధనుర్వాతం టీకా తప్పకూడదు. చిన్న గాయాన్నైనా అదే రోజు కడిగి మందు వేయాలి.

బొచ్చు కత్తిరించడం చాలా చిన్న పనిలా కనిపిస్తుంది. అంత త్వరగా ఆ గుర్రానికి సుఖమిచ్చే పని ఇంకొకటి లేదు. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీల ఎండలో ఆ బొచ్చుతో నిలబడిన గుర్రం చెమటతో తడిసి, చర్మం ఒరిసి, ఆయాసపడుతుంది. మెషీన్‌తో ఒళ్లంతా కత్తిరిస్తే ఆ రోజే తెరిపిన పడుతుంది. బొచ్చు మళ్లీ పెరుగుతుంది, మళ్లీ కత్తిరించాలి. కత్తిరించాక దోమలు, ఈగలు, ఎండ, చలిరాత్రులు చూసుకోవాలి. నీడ, ఉప్పు, ఎప్పుడూ నిండుగా ఉండే నీళ్ల తొట్టి తప్పనిసరి. తాగుతోంది కదా అని నీళ్లు తగ్గించకూడదు. అలా తగ్గిస్తే ప్రాణాపాయం.

కాళ్లు బాగున్నన్నాళ్లూ రోజూ కాస్త నడక మంచిది. కండ నిలబడుతుంది, ఇన్సులిన్ తగ్గుతుంది. ముసలి గుర్రాన్ని ఒంటరిగా కట్టేయకూడదు. అయితే మేత దగ్గర వయసు గుర్రాలు దాన్ని తరిమేస్తాయి. తోడు ఉండాలి, మేత విడిగా ఉండాలి. నెలకొకసారి ఒకే చోట, ఒకే కోణంలో ఫోటో తీసి, టేపుతో ఛాతీ చుట్టుకొలత రాసి పెట్టుకుంటే చాలు. రోజూ చూసే కంటికి అందని మార్పు ఆ ఫోటోల్లో దొరుకుతుంది.

మందు, మేత, డెక్కలు అన్నీ సక్రమంగా ఉన్నా కొన్ని గుర్రాల్లో ఒకనాటికి జబ్బు అదుపు తప్పుతుంది. కాళ్ల నొప్పి మళ్లీ మళ్లీ వచ్చి, మందులకు లొంగక, గుర్రం లేవలేని స్థితికి వస్తే ఏం చేయాలన్నది బాగున్న రోజుల్లోనే వైద్యునితో మాట్లాడుకోవాలి. బాధ తీరే దారి లేని జంతువుకు నొప్పి లేకుండా ప్రాణం తీయడానికి 1960 నాటి జంతు హింస నివారణ చట్టం వీలు కల్పించింది. చాలామందికి మనసు ఒప్పదు. ఆ బాధ నిజమైనదే. కానీ వారాల తరబడి నేల మీద పడి ఉన్న గుర్రం బాధ దానికంటే పెద్దది. తింటోందా, తనంతట తాను లేస్తోందా, తోటి గుర్రాల వైపు చూస్తోందా అన్నది ప్రతి రోజూ రాసుకోవాలి. చెడ్డ రోజులు మంచి రోజుల కంటే ఎక్కువయ్యాయని ఆ రాతలో తేలితే, పశువైద్యుడు ముందు మత్తు ఇచ్చి, గుర్రం స్పృహ తప్పాక ఆ పని పూర్తి చేస్తాడు. తోడుగా పెరిగిన గుర్రం ఉంటే, దాన్ని కాసేపు చనిపోయిన గుర్రం దగ్గరికి వెళ్లనివ్వడం మంచిదని గుర్రాలను సాకినవాళ్లు చెబుతారు. అలా వెళ్లి వాసన చూసిన గుర్రం తర్వాత తోడు కోసం వెతుకుతూ సకిలించడం తక్కువని వాళ్ల అనుభవం.